కత్తెర దిద్దిన ముక్కు

"దీవి కాదు బాబాయ్! అది దీవి కాదు!"

చెంగలి కేక వేసేసరికే వాళ్ళ గుండ్రటి పుట్టి పడవ ఆ నల్లదిబ్బకు బారెడు దూరంలోకి వచ్చేసింది. కోనప్ప తలెత్తి చూశాడు. దిబ్బ మీద నాచు, నాచు మధ్య రెల్లు, రెల్లు పక్కన ఒంటికాలి మీద తెల్లకొంగ. చూస్తుండగానే కొంగ ఎగిరిపోయింది. దిబ్బ కదిలింది. కాలిందిని నది నడుమ ఏ కాలం నుంచి పడుకుని ఉందో, ఆ మహామకరం కళ్ళు తెరిచింది. ఒక్కొక్క కన్ను కంచుపళ్ళెమంత ఉంది. నోరు తెరిస్తే కోటగుమ్మం తెరిచినట్టే ఉంది.

నీరు గిర్రున ఆ నోటివైపు తిరిగింది. నీటితోపాటు పుట్టీ తిరిగింది. కోనప్ప చేతికి దొరికింది పట్టుకుని కూలబడ్డాడు. చెంగలి మాత్రం పడవలవాళ్ళ పిల్ల. పుట్టి ఎటు తిరిగితే తానూ అటే తిరుగుతూ, చెంగు నడుముకు బిగించి, తెడ్డు రెండు చేతులా ఎత్తిపట్టుకుని నిలబడింది. మొసలి పైదవడ పూర్తిగా లేచేదాకా ఆగింది. లేవగానే తెడ్డును నిలువుగా దాని నోట్లో నాటింది. దవడ పడింది. చేవదేరిన మద్దికర్ర విరగలేదు. నోరు మూయలేక, తెడ్డు ఉమ్మలేక ఆ జంతువు తోకతో నదిని చీల్చుతూ కొట్టుకుంది. ఆ తోక లేపిన కెరటమే పుట్టిని పైకెత్తి, అవతలి ఒడ్డున ఇసుకలో బోర్లా విసిరేసింది.

ఇద్దరూ ఇసుక ఉమ్ముతూ లేచారు. చెంగలి ముందుగా తన ఒంటి దెబ్బలు చూసుకోలేదు. రవికలో దాచుకున్న తాటాకు మడత తీసి విప్పి చూసుకుంది. లోపల అరచేయంత నల్లకాగితపు బొమ్మ. పక్కకు తిరిగిన ఒక యువకుడి నీడ.

"తడవలేదు," అంది నవ్వుతూ. "చూడు బాబాయ్, నీ చేతి పనే. నాకు మొగుడు దూరమై పదకొండు రోజులైంది. ఇదే లేకపోతే నాకు పిచ్చెక్కేది."

కోనప్ప ఆ బొమ్మవైపు చూడలేదు. మొలలో కత్తెర ఉందో లేదో వెతుక్కుంటున్నట్టు వంగిపోయాడు. కత్తెర ఉంది. ఉన్నదని అతనికి ముందే తెలుసు.

ఈ కోనప్ప ఎవరు, ఈ పిల్లతో ఈ అడవిదారిన ఎందుకు పడ్డాడు అన్నది చెప్పుకోవాలి.

ఏలాపురం రాజ్యంలో చిత్రకారులకు కొదవ లేదు. కానీ వాళ్ళ కుంచెలు మేడలెక్కడమే గాని గుడిసెల్లోకి దిగడం ఎరగవు. ఒక్క బొమ్మకు బంగారురేకు, పగడపు పొడి, ఆరునెలల కాలం కావాలి. దుక్కి దున్నేవాడి మొహం, చేపలమ్మే ఆమె మొహం వాళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలకు మిగలాలంటే దారి ఒక్కటే. సంతలో కోనప్ప చాప. తెల్లగుడ్డ తెర ముందు పక్కకు తిరిగి కూర్చుంటే చాలు, ఎండ వాళ్ళ నీడను తెర మీద పరుస్తుంది. దీపపు మసి, చింతగింజల జిగురు కలిపి పూసిన కాగితం మీద కోనప్ప కత్తెర నుదుటి దగ్గర బయల్దేరి, ముక్కు దిగి, పెదవులు దాటి, గడ్డం చుట్టి, మెడ దగ్గర ఆగుతుంది. తాంబూలం నమిలేంత సేపు కూడా పట్టదు. సోలెడు జొన్నలిస్తే ఒక బొమ్మ. అవీ లేకపోతే ఒక సొరకాయ. ఆ ఊళ్ళో గోడకు నీడబొమ్మ లేని పూరిల్లు లేదు.

సోమకీర్తి మహారాజు బతికున్న రోజుల్లో ఒకసారి మారువేషంలో సంతకు వచ్చి, అందరితోపాటు ఆ చాప మీద కూర్చున్నాడు. అప్పుడు కోనప్పకు ఇరవై ఏళ్ళు. తాను కోస్తున్నది ఎవరినో అప్పటికి తెలియదు, తర్వాత ఊరంతా చెప్పుకుంటే తెలిసింది. కానీ అంత తీరైన ముక్కు అంతకుముందు అతని కత్తెర చూడలేదు. గద్దముక్కు కాదు, చిలకముక్కు కాదు. కొండచరియ దిగిన ఏరు చివర్న కాస్త ఆగి నేలకు వాలినట్టు ఉంటుంది. ఆ వంపు అతని వేళ్ళలో ఉండిపోయింది.

ఆ రాజును సేనాపతి రణఘంటుడు చంపి గద్దెనెక్కాడు. పసికందైన యువరాజు ఆ రోజే మాయమయ్యాడు. ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఈ ఏడు రణఘంటుడు దండోరా వేయించాడు. 'ప్రతి యువకుడికీ ఒక నీడబొమ్మ. రాజుగారి కానుక. కోసేవాడు కోనప్ప.' కోనప్ప పొంగిపోయాడు. తన పేదవాళ్ళ కళకు ఇన్నాళ్ళకు రాజు కన్ను పడిందనుకున్నాడు. పట్టుశాలువా కప్పితే కప్పించుకుని వీధులు తిరిగాడు. కాగితం రెండు మడతలు పెట్టి తొమ్మిది వందల మందిని కోశాడు. ఒక పొర ఇంటికి, ఒక పొర కోటకు. కోటకు ఎందుకని అడగలేదు.

కోటలో ఆ తొమ్మిది వందల నీడలను, సోమకీర్తి ఆనాడు సంతనుంచి తెచ్చుకున్న తన నీడ మీద ఒక్కొక్కటిగా పెట్టి చూశారు. నాలుగు సరిపోయాయి. నలుగురు యువకులను ఒకరి తర్వాత ఒకరిని సంకెళ్ళు వేసి కాకోలగిరికి, మాంత్రికుడు కాకోలుని దగ్గరకు పంపారు. సోమకీర్తి వంశపు సింహాసనం అక్కడే ఉంది. ఆ రక్తం ఉన్నవాడు కూర్చుంటే దాని వీపులో నిద్రపోయే నాగమణి బయటికి వస్తుంది. లేనివాడు కూర్చుంటే రాయవుతాడు. మణి కాకోలునికి, యువరాజు తల రణఘంటుడికి. అదీ వాళ్ళ ఒప్పందం. ఈ సంగతంతా, నాలుగోవాణ్ణి పట్టుకుపోయిన రోజే, అక్కడినుంచి పారిపోయి వచ్చిన పల్లకీ బోయీ ఒకడు ఏలాపురంలో చెప్పాడు.

ఆ నలుగురిలో నాలుగోవాడు కంచరి మైలారి. చెంగలి మొగుడు. పెళ్ళయిన మూడో నాడే పట్టుకుపోయారు.

మైలారి ముక్కు రాజుల ముక్కు కాదు. చిన్నప్పుడు గంట పోత పోస్తుంటే మూస పేలి, ముక్కుదూలం అణిగిపోయింది. పెళ్ళికి ముందురోజు కోనప్ప చాప మీద కూర్చుని, తెర మీద తన నీడ ఓరగా చూసుకుని అతను చిన్నబుచ్చుకున్నాడు. కోనప్పకు జాలేసింది. ముక్కు దగ్గర కత్తెరను కాస్త బయటికి పోనిచ్చాడు. గోధుమగింజంత కాగితం, అంతే. వేళ్ళు వాటంతట అవే ఒక వంపు తిరిగాయి. అది ఎవరి వంపో మైలారిని పట్టుకుపోయిన సాయంత్రం గాని అతనికి తట్టలేదు.

తట్టాక చెంగలి ఇంటికి పరుగెత్తాడు. చెప్పేద్దామనే పరుగెత్తాడు. తీరా ఆ పిల్ల మొహం చూసి, "పద తల్లీ, నేనూ వస్తా. వాణ్ణి తెచ్చుకుందాం," అన్నాడు. అంతే అనగలిగాడు. ఆ పిల్ల అతని కాళ్ళకు దణ్ణం పెట్టింది.

పదకొండు రోజులుగా ఆమె కాల్చిన చేపలు అతను తిన్నాడు. "కన్నవాళ్ళే వద్దన్నారు, నువ్వొచ్చావు బాబాయ్," అని ఆమె అన్నప్పుడల్లా చేపలో ముళ్ళు వెతుక్కునేవాడు. రేపు చెబుదామనుకునేవాడు. రేపు పులి వచ్చేది, లేదా వరద వచ్చేది. అవి వచ్చినందుకు లోలోపల ఊపిరి పీల్చుకునేవాడు.

కాకోలగిరి ఎక్కేసరికి పొద్దు మూడు బారలెక్కింది. కొండ తల మీద కోట, నల్లరాతి గోడల మీద వేలకు వేలు కాకులు. ఇనుప గుమ్మానికి అడ్డంగా ఒక రాక్షసుడు కూర్చుని ఏనుగు తొడఎముకతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. వాడి పేరు డుంబకుడు.

"ఓహో! నడిచొచ్చే తిండి చూసి ఎన్నాళ్ళయిందిరా!" అన్నాడు. ఆ గాలికే చెంగలి జుట్టు విడిపోయింది.

ఆమె చెయ్యి నడుముకున్న, రాళ్ళు విసిరే ఒడిసెల మీదికి పోయింది. కోనప్ప ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ముందుకు నడిచాడు. అతని మాట తొణకలేదు.

"అయ్యా, తినేముందు తమ మొహం ఒకసారి చూసుకుంటారా?"

డుంబకుడు పళ్ళు కుట్టుకోవడం ఆపాడు. "నా మొహమా? నేనెలా చూసుకుంటాను? ఈ కోటలో అద్దం ఉంటే మా దొర చంపేస్తాడు. నీళ్ళతొట్లకు కూడా మూతలే. నాకు మూడొందల ఏళ్ళు. ఒక్కసారీ చూసుకోలేదు."

"పక్కకు తిరిగి కూర్చోండి. కదలకండి."

గుమ్మం పక్కన సున్నం కొట్టిన ఒక్క గోడ మీద రాక్షసుడి నీడ కొండలా పరుచుకుంది. కోనప్ప కత్తెర తీశాడు. ఉబ్బిన నుదురు. ముందుకు పొడుచుకొచ్చిన దవడ. ఒక కోర సగానికి విరిగి ఉంది. ఆ విరిగిన కోర దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు అలవాటు కొద్దీ దాన్ని పూర్తి చేయబోయాయి. మెచ్చుకుంటాడు, బతికిపోతాం. కాని కత్తెర అంచున ఆ గోధుమగింజ కనపడింది. కోనప్ప పళ్ళు బిగించి, కోరను ఎక్కడ విరిగిందో అక్కడే తెంచాడు. బొమ్మ అందించి కళ్ళు మూసుకున్నాడు.

రాక్షసుడు బొమ్మను కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"బాగోలేదు," అన్నాడు డుంబకుడు.

చెంగలి ఒడిసెలలో రాయి పెట్టింది.

"ఏం బాగోలేదు. అచ్చం మా అమ్మ!" రాక్షసుడు తన దవడ తడుముకున్నాడు. "ఇదిగో, ఈ దవడ. దీని కింద పెట్టుకునే నన్ను నిద్రపుచ్చేది. పోయి రెండొందల ఏళ్ళయింది. మొహం మర్చిపోయాననుకున్నాను." బొమ్మను రెండు వేళ్ళ మధ్య, సీతాకోకచిలుకను పట్టుకున్నట్టు పట్టుకుని, గుమ్మం ముందునుంచి పక్కకు జరిగాడు. "పోండి లోపలికి. నాకు మళ్ళీ ఆకలేసేలోపల వచ్చెయ్యండి."

"ఎంత మంచివాడివి బాబాయ్," అని చెంగలి గుసగుసలాడింది. కోనప్ప నడక పెంచాడు.

లోపల కొలువుకూటం చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. నూరు స్తంభాలు, ఒక్కొక్క స్తంభానికి చుట్టుకుని పచ్చల కళ్ళ రాతిసర్పాలు. నెమలిపింఛాల పందిరి కింద పుర్రెల్లో వెలిగే నీలిదీపాలు. గాలి కదలని చెరువులా నున్నటి నల్లని నేల. కప్పులో ఒకే ఒక గుండ్రటి కంత, అందులోంచి ఎండ ఒక తెల్లని దూలంలా దిగి సింహాసనం మీద పడుతోంది. కెంపుల నెమళ్ళు చేతులుగా, ఏడు పడగల పాము వీపుగా ఉన్న ఆ సింహాసనం అందంగా, చల్లగా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుగా ఉంది.

దాని పక్కన మూడు రాతి విగ్రహాలు నిలబెట్టి ఉన్నాయి.

స్తంభం చాటునుంచి కోనప్పకు వాటి పక్కమొహాలు మాత్రమే కనిపించాయి. అవే చాలు. మొదటిది తమలపాకుతోట పోతయ్య. బొమ్మకు బదులు కట్ట ఆకులు తెచ్చి, "ఇంకో కట్ట కావాలంటే రేపు తెస్తా," అన్నవాడు. రెండోది వలలు నేసే ఎల్లప్ప. నవ్వు ఆపుకోలేక మూడుసార్లు కదిలిపోయి, మూడుసార్లు కోయించుకున్నాడు. మూడోది పొట్టి మెడ, ఎత్తు నుదురు. వాడు మొదటిసారి తన బొమ్మ చూసుకుని, 'ఇది నేనేనా' అని పక్కవాళ్ళందర్నీ అడిగాడు. ఆ నుదురు కోసిన వేళ్ళు ఇప్పుడు స్తంభాన్ని పట్టుకుని ఉన్నాయి. కోనప్పకు ఆ వేళ్ళు తనవిగా అనిపించలేదు.

గంట మోగింది. సంకెళ్ళ చప్పుడుతో మైలారి లోపలికి వచ్చాడు. చెంగలి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అతని ఒంటి మీద జరీ అంచు పట్టు, నెత్తిన కిరీటం, చేతులకు ఇనుప సంకెళ్ళు. వెనక కాకోలుడు. తాటిచెట్టంత పొడుగు మనిషి, కాకిరెక్కల దుప్పటి, గడ్డం మోకాళ్ళదాకా.

"కూర్చోండి యువరాజా," అన్నాడు కాకోలుడు ఎంతో మర్యాదగా.

"సామీ, ఎన్నిసార్లు చెప్పాలి? నేను కంచరోణ్ణి. గంటలు పోత పోసుకుంటాను. ఈ కిరీటం కూడా సరిగ్గా పోత పోయలేదు, చూడు, అంచు గరుకుగా ఉంది."

కాకోలుడు నవ్వాడు. దుప్పటిలోంచి రెండు నల్లకాగితాలు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండలో పట్టుకున్నాడు. "మీ నాన్నగారు. మీరు. వెంట్రుకవాసి తేడా లేదు. ఏ మంత్రగాడో మీ మొహం మార్చాడు, ముక్కు అణిచాడు, బాగుంది. మొహం అబద్ధం చెబుతుంది గాని నీడ చెప్పదు."

ఆ మాట కోనప్పకు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

చెంగలి ఇక ఆగలేదు. స్తంభం చాటునుంచి దూకి ఒడిసెల తిప్పి రాయి విసిరింది. గురి తప్పలేదు. కాని కాకోలుని నుదుటికి జానెడు దూరంలో ఆ రాయి కాకిపిల్లగా మారి, కావుమంటూ ఎగిరిపోయింది. మాంత్రికుడు వేలు ఆడించాడు. నల్లని నేల చెంగలి మడమలదాకా బురదలా మెత్తబడి, మళ్ళీ రాయిలా బిగిసింది. ఆమె ఎక్కడిదక్కడే నిలిచిపోయింది.

"చెంగలీ!" అని మైలారి అరిచాడు.

"పెళ్ళాం కూడా ఉందే! యువరాణీ, తమరూ చూద్దురుగాని," అన్నాడు కాకోలుడు.

కోనప్ప ఇంకా స్తంభం వెనకే ఉన్నాడు. అతణ్ణి ఎవరూ చూడలేదు. గుమ్మం అతని వెనకే ఉంది. కదలకుండా ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు అతనికి తన మీద తనకే రోత పుట్టింది. కాళ్ళు కదిలాయి.

"అయ్యా, ఆగండి. ఆ ముక్కు ఆ అబ్బాయిది కాదు."

కాకోలుడు మెల్లగా తల తిప్పాడు. "ఎవడివి నువ్వు?"

"ఆ బొమ్మ కోసినవాణ్ణి. ముక్కు నేను పెట్టాను. పెళ్ళికొడుకు, నీడ చూసుకుని చిన్నబుచ్చుకున్నాడు. జాలేసి గోధుమగింజంత కాగితం ఎక్కువ వదిలాను. వేళ్ళలో ఉన్న ముక్కు వచ్చి పడింది. అది సోమకీర్తి మహారాజుది. ఇతను నిజంగానే కంచరి. ఇతని మొహాన ఏ మాయా లేదు. మాయ చేసింది నేను."

చెంగలివైపు చూడకుండానే చెప్పాడు. చూసి ఉంటే చెప్పలేకపోయేవాడు.

"అబద్ధం. ప్రాణం కాపాడాలని వచ్చావు."

"అయితే మళ్ళీ కోస్తాను. మీ కళ్ళముందే."

కాకోలుడు వేలు ఆడించగానే ఎండ దూలం పక్కన తెల్లపట్టు తెర వచ్చి నిలిచింది. మైలారి పక్కకు తిరిగి నిలబడ్డాడు. కోనప్ప తన సంచిలో మిగిలిన ఒకే ఒక్క నల్లకాగితం తీశాడు. జీవితంలో అంత నెమ్మదిగా అతను ఎప్పుడూ కోయలేదు. నుదురు, అణిగిన దూలం, వెడల్పు ముక్కుకొన, పెద్ద పెదవి. కాకోలుడు ఆ కొత్త బొమ్మ లాక్కుని రాజు బొమ్మ మీద పెట్టి పైకెత్తి చూశాడు. ముక్కు దగ్గర రాజు కాగితం నల్లటి అంచులా బయటికి పొడుచుకొచ్చింది. గోధుమగింజంత.

మాంత్రికుడి మొహం నల్లబడింది. మైలారి మాత్రం తేలిగ్గా నవ్వేశాడు. "హమ్మయ్య! కోనప్ప మావా, నువ్వు చెప్పేదాకా నేను కూడా రాజునేమోనని భయమేసింది."

చెంగలి నవ్వలేదు.

"ఆ ముక్కు ఆయనది కాదని నాకు తెలీదనుకున్నావా?" అంది. గొంతు పెద్దగా లేదు. "నేను రోజూ చూసే మొహం. ముచ్చటపడి కోశావులే అనుకున్నా. దానివల్లే పట్టుకుపోయారని నీకు ఎప్పుడు తెలిసింది?"

"పట్టుకుపోయిన రోజే."

"పదకొండు రోజులు నా పక్కన కూచుని తిన్నావు. నేను నీ కాళ్ళకు మొక్కాను. మొక్కనిచ్చావు."

కోనప్ప ఆమెవైపు ఒక అడుగు వేశాడు. కాకోలుడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"మీ గొడవ తర్వాత తీర్చుకోండి. కత్తెరగాడా, తొమ్మిది వందల మందిని కోశావు. వీడికి రాజు ముక్కు పెట్టావంటే, అసలు రాజు ముక్కు ఉన్నవాడికి ఇంకేదో పెట్టి ఉంటావు. ఎవడు వాడు? పేరు చెప్పు. ఈ ముగ్గుర్నీ తిరిగి మనుషుల్ని చేసే మాట నాకొక్కడికే తెలుసు. నువ్వు చెప్పిన మరుక్షణం ఆ మాట చెబుతాను."

కోనప్ప కళ్ళు మూసుకుని తొమ్మిది వందల నీడలను వరసగా తలచుకున్నాడు. ఒకడికి గడ్డం నున్నగా చేశాడు. ఇంకొకడికి వంగిన మెడ నిలబెట్టాడు. ఒకడి తల్లి దండం పెడితే గూని తీసేశాడు. ఏది నిజం, ఏది మంచితనం కొద్దీ చేసిన అబద్ధం, ఇప్పుడు కోసినవాడికే తెలియడం లేదు.

"నాకు తెలీదయ్యా. నిజంగా తెలీదు."

"అయితే ఈ నీ యువరాణితో మొదలుపెడదాం. రాయి అయిపోతుంటే చూస్తే జ్ఞాపకం అదే వస్తుంది."

కాకోలుడు చెంగలి కాళ్ళు నేలలోంచి విడిపించి, జుట్టు పట్టుకుని సింహాసనంవైపు ఈడ్చాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. మైలారి సంకెళ్ళతోనే ముందుకు పడ్డాడు. కాకోలుడు ఒక్క కాలితో అతణ్ణి పక్కకు తన్ని, చెంగలిని పీఠం మీదికి ఎత్తబోయాడు.

కోనప్ప కత్తెర కింద పారేశాడు. ఆయుధాలను ఆపే మంత్రం వట్టి చేతులను ఆపదేమో అన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. పరుగున వెళ్ళి, రెండు చేతులూ ఆ కాకిరెక్కల దుప్పటి మీద ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు.

చెంగలి ఒకవైపు పడింది. కాకోలుడు సింహాసనంలో పడ్డాడు.

కోటంతా ఒక్కసారి ఊగింది. గోడల మీద కాకులన్నీ ఒకే గొంతుతో అరిచాయి. మాంత్రికుడు లేవబోయాడు. పాదాలు లేవలేదు. గోళ్ళ దగ్గర మొదలై, మడమలు, పిక్కలు, మోకాళ్ళు, తడి ఇసుక ఎండిపోతున్నట్టు బూడిదరంగు పైకి పాకింది.

"ఆ మాట!" కోనప్పకు అప్పుడు గుర్తొచ్చింది. సింహాసనం ముందు మోకాళ్ళ మీద పడి, రాయి అవుతున్న ఆ చేతులు పట్టుకున్నాడు. "ఆ ముగ్గురి మాట చెప్పు! నీకు దణ్ణం పెడతాను, వాళ్ళు ఏ పాపం ఎరగరు, చెప్పు!"

రాయి నడుము దాటింది. కాకోలుడు అతనివైపు చూసి, తీరుబాటుగా చిరునవ్వు నవ్వాడు.

"ముగ్గుర్ని కాపాడుకున్నావు, నిన్ను కూడా కలుపుకుని. ఆ రాతి ముగ్గుర్ని నీ చేత్తోనే మూసేశావు. ఆ మాట నా నోట్లోనే ఉంటుంది, కత్తెరగాడా. కావాలంటే పోయి నాకు నేర్పినదాన్ని అడుక్కో. మా అక్క, ఉత్పలద్వీపంలో ఉంది. అది ఊరికే చెప్పదు. నీ పది వేళ్ళూ అడుగుతుంది."

గడ్డం రాయయింది. పెదవులు నవ్వుతూనే రాయయ్యాయి.

కోట బయట శంఖాలు పూరించారు. ఒకటి కాదు, పది. చెంగలి కిటికీ దగ్గరకు పరుగెత్తి తొంగిచూసింది. "రణఘంటుడి సేన! నాగమణి చూడ్డానికి వస్తున్నట్టున్నారు. గుమ్మందాకా వచ్చేశారు." విగ్రహాల దగ్గర పడి ఉన్న ఒక సుత్తి తీసుకుని మైలారి సంకెళ్ళు విరగ్గొట్టింది. మైలారి కిరీటం తీసి మూలకు విసిరాడు. సింహాసనం వెనక నీటిమెట్లు నదిదాకా దిగుతున్నాయి. చివర్న కోట పడవ ఒకటి కట్టేసి ఉంది. ఇద్దరూ మెట్లవైపు పరుగెత్తారు.

కోనప్ప వెళ్ళలేదు. విగ్రహాల ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"పోతయ్యా, వస్తాను. తిరిగి వస్తాను." పక్కకు జరిగాడు. "ఎల్లప్పా, నీకూ అదే మాట." ఇంకా పక్కకు జరిగాడు. మూడోవాడి ఎత్తు నుదురు వంక చూస్తూ ఆగిపోయాడు. ఆ నుదుటి వంపు కళ్ళుమూసుకుని కోయగలడు. పేరు మాత్రం రావడం లేదు. ఎప్పుడైనా అడిగాడా అని వెతుక్కున్నాడు. అడగలేదు.

"మైలారీ!" అని కేక వేశాడు. "ఈ అబ్బాయి పేరేమిటి?"

మెట్ల మీదినుంచి మైలారి వెనక్కి తిరిగాడు. "గవరయ్య! ఉప్పుమడుల గవరయ్య. ఒక్కతే చెల్లెలు. ఆ పిల్ల గురించే చెబుతుండేవాడు."

"గవరయ్యా," అన్నాడు కోనప్ప రాతి భుజం మీద చెయ్యి వేసి. "నీ చెల్లెలికి నేనే చెబుతాను. నిన్ను తెచ్చాకనే చెబుతాను."

ఇనుప గుమ్మం అవతల డుంబకుడి గర్జన, గుర్రాల సకిలింపులు వినిపించాయి. స్తంభాల మధ్యకు మొదటి బాణం వచ్చి పడింది. కోనప్ప కత్తెర ఏరుకుని మెట్లు దిగాడు. రెండో బాణం చెవి పక్కనుంచి పోయింది. పడవ అప్పటికే తాడు విప్పుకుని కదులుతోంది. చెంగలి తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె అతనివైపు చూడలేదు.

"ఎక్కుతావా, నన్ను పొమ్మంటావా?"

దూకాడు. పడవ ఊగి నిలబడింది. చెంగలి తెడ్డు ఒక్క పోటు వేసేసరికి ప్రవాహం వాళ్ళను ఎత్తుకుపోయింది. ఎగువ ఒడ్డు పొడవునా రౌతులు బాణాలు వేస్తూ వెంటపడ్డారు. దిగువన నది రెండు కొండల మధ్య సన్నబడి, తెల్లని పొగలా లేస్తూ, ఎక్కడికో కిందికి దూకుతున్న హోరు వినిపించింది.

"ఉత్పలద్వీపం ఎటు?" అంది చెంగలి. ఎవర్ని అడిగిందో తెలియదు. "అటే పోనిస్తా. నీకోసం కాదు. వాళ్ళ ముగ్గురి కోసం."

"జలపాతం అవతల అంటారు," అన్నాడు మైలారి. "ఎవరూ చూసొచ్చినవాళ్ళు లేరు."

పడవ ముక్కు కిందికి వంగింది. కోనప్ప పది వేళ్ళతోనూ పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు.